వెండి బావ, అల్యూమినియం బావమరిది

తెనాలిలో ఒక పాత మేడ. నిశ్చితార్థం భోజనాలు అయిపోయాయి. బండ్ల వేళకు చుట్టాలు ఒక్కొక్కరే కదిలిపోయారు. వసారాలో ఇద్దరే మిగిలారు. ఒకరు ఇంటాయన, నలభై ఏళ్లుగా వెండి సామాన్ల కొట్టు నడుపుతున్న మనిషి. రెండో అతను ఆయన భార్యకు తమ్ముడు, హైదరాబాదు శివార్లలో అద్దాలకూ ప్లాస్టిక్ ఫిల్ముకూ లోహపు పూత వేసే ప్లాంటులో ఇంజనీరు. ఆ ప్లాంటులో రోజూ కరిగేది అల్యూమినియమే. పైన ఫ్యాను ఈసురోమంటూ తిరుగుతోంది.

అక్క జీడిపప్పు బర్ఫీ మీద అద్దడానికి వరఖ్ తెమ్మంటే, బావమరిది చార్మినార్ సందుల్లో సుత్తి చప్పుళ్లు వింటూ ఒక పొత్తం కొనుక్కొచ్చాడు. ఆ పొత్తంలో మిగిలిన రేకును బావగారు రెండు వేళ్లతో ఎత్తి, కళ్లజోడు సర్దుకుని, దీపానికి అడ్డంగా పెట్టి చూశారు.

“నిజం చెప్పు బావమరిదీ. ఇది వెండేనా, మీ ఫ్యాక్టరీ సరుకా?”

“మీకంత అనుమానమైతే కాల్చి చూడండి బావగారూ.”

“చూస్తాలే. వరఖ్ అంటే 999 వన్నె వెండి ఉండాలని ఆహార భద్రత నిబంధనల్లోనే రాసుంది. అయినా అల్యూమినియం రేకును దాని పేరుతో అంటగట్టేవాళ్లు ఉండనే ఉన్నారు. వెండి వేషం కట్టడం తప్ప మీ లోహానికి సొంతంగా ఏం చాతనవును?”

బావమరిదికి చురుక్కుమంది. కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

“వేషం కట్టలేదండీ, వెండి చేస్తున్న కొలువే లాక్కుంది. టెలిస్కోపు అద్దం సంగతే తీసుకోండి. న్యూటన్ 1668లో మొదటి అద్దపు టెలిస్కోపు చేసినప్పుడు వాడింది రాగి, తగరం కలిపిన కంచు లాంటి లోహం. సానబట్టినప్పుడు బాగానే మెరిసేది, నాలుగు రోజులకు మసకబారేది. మసక పోగొట్టాలంటే మళ్లీ సాన పట్టాలి, పడితే అద్దం వంపు చెడుతుంది. 1857లో పారిస్‌లో ఫూకో అనే భౌతిక శాస్త్రవేత్త గాజు మీద పలచగా వెండి పూత వేసి ఆ బాధ తప్పించాడు. పూత పాడైతే కడిగేసి మళ్లీ వేసుకోవచ్చు, గాజు వంపు చెక్కు చెదరదు.”

“చూశావా! వెండే వచ్చి గట్టెక్కించింది.”

“ఒప్పుకున్నాను. మరి ఆ వెండి ఎన్నాళ్లు తెల్లగా ఉండేది? మీ కొట్లో పళ్లెం బయట పెడితే ఎన్నాళ్లుంటుంది?”

బావగారు వెంటనే బదులు చెప్పలేదు. వెండి సామాను మెత్తటి గుడ్డలో చుట్టి, గాలి తగలకుండా పెట్టెలో దాచడం ఆయనకు రోజూ ఉన్న పనే. గాలిలో గంధకం ఉన్న వాయువు ఏ కాస్త ఉన్నా, మురుగుకాలవ నుంచి వచ్చినా, రబ్బరు నుంచి వచ్చినా, ఉడికిన కోడిగుడ్డు నుంచి వచ్చినా, వెండి దాన్ని పట్టుకుని సిల్వర్ సల్ఫైడుగా మారుతుంది. ఆ నలుపు రోజురోజుకూ పెరుగుతుందే తప్ప ఎక్కడా ఆగదు.

“పళ్లేనికి తోమడం ఉంది. టెలిస్కోపు అద్దాన్ని తోమకూడదు,” అన్నాడు బావమరిది. “అందుకే కొన్ని నెలలకోసారి పాత పూత కడిగి కొత్తది వేసేవారు. 1930ల మొదట్లో అమెరికాలో కాల్‌టెక్ సంస్థలో జాన్ స్ట్రాంగ్ అనే భౌతిక శాస్త్రవేత్త ఒక పని చేశాడు. అద్దాన్ని గాలి తీసేసిన పెద్ద పాత్రలో పెట్టి, టంగ్‌స్టన్ తీగచుట్టల మీద అల్యూమినియం ముక్కలు వేలాడదీసి, కరెంటు పెట్టి వాటిని ఆవిరి చేశాడు. 1935లో మౌంట్ విల్సన్ కొండ మీది 100 అంగుళాల అద్దానికి వెండి తీసేసి అల్యూమినియం వేశారు. అప్పటికి లోకంలో అదే అన్నిటికంటే పెద్ద టెలిస్కోపు. తరవాత దాన్ని మించి వచ్చిన పాలమార్ 200 అంగుళాల అద్దానికి 1947లో మొదటి పూతగానే అల్యూమినియం పడింది. దాని ముఖం మీద వెండి ఎప్పుడూ కూర్చోలేదు.”

“ఆవిరి చెయ్యడమేమిటయ్యా? లోహాన్ని మూసలో కరిగించడం నాకు తెలుసు, పోత పోయడం తెలుసు, రేకు సాగగొట్టడం తెలుసు.”

బావమరిది తన రోజువారీ పనిలోకి దిగాడు. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. టంగ్‌స్టన్ 3,400 డిగ్రీలు దాటితే గాని కరగదు. పాత బల్బులో ఎర్రగా వెలిగే తీగ ఆ లోహమే. కరిగిన అల్యూమినియం నీటిచుక్కలా కింద పడిపోకుండా ఆ తీగను అంటిపెట్టుకుని తడుపుతుంది. ఇంకా వేడి చేస్తే ఆవిరవుతుంది. ఆ పాత్రలో గాలిని మామూలు పీడనంలో పది కోట్లో వంతు దాకా తోడేస్తారు. అంత ఖాళీలో లోహపు అణువుకు దారిలో గాలి అణువు తగలదు. తీగను వదిలితే తిన్నగా వెళ్లి గాజుకు అతుక్కోవడమే. గాలి మిగిలితే రెండు నష్టాలు. అణువులు దారిలో ఢీకొని చెదిరిపోతాయి. దానికి తోడు ఆక్సిజన్‌తో కలిసి నల్లటి, మసక పూత పడుతుంది.

“పూత మందం 100 నానోమీటర్లు. తలవెంట్రుక మందంలో సుమారు ఏడు వందలో వంతు. మీరు పట్టుకున్న వరఖ్ కూడా దీనికంటే మందమే.”

“ఎంత లోహం పడుతుంది?”

వ్యాపారస్థుడి మొదటి ప్రశ్న అదే. బావమరిది జేబులో పెన్ను తీసి శుభలేఖ కవరు వెనక లెక్క వేశాడు. తమిళనాడులో జవ్వాది కొండల మీద కావలూరులో 2.34 మీటర్ల అద్దమున్న టెలిస్కోపు ఉంది. 1986లో దానికి ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు పేరు పెట్టారు. బప్పు తండ్రి హైదరాబాదులో నిజామియా వేధశాల ఉద్యోగి. బప్పు పెరిగింది, నిజాం కాలేజీలో చదివింది ఆ ఊళ్లోనే. ఆ అద్దం వైశాల్యం నాలుగు చదరపు మీటర్ల పైచిలుకు. దాన్ని పూత మందంతో, అల్యూమినియం సాంద్రతతో గుణిస్తే 1.2 గ్రాములు తేలింది.

“గ్రామున్నర కూడా లేదా?” బావగారు కవరు లాక్కుని లెక్క సరిచూశారు.

“అద్దం మీద నిలిచేది అంతే. పాత్ర గోడలకు అంటుకుపోయేది వేరే.”

“అది తరుగు.”

“తరుగే. పాలమార్ అద్దానికైనా ఐదున్నర గ్రాములు చాలు.”

బావగారు తేరుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. కొట్లో నలభై ఏళ్లు బేరమాడిన మనిషి. ఎదుటివాడి లెక్కలోంచే తన లెక్క తీశారు.

“సరే, లోహం ధర పక్కన పెడదాం. అద్దం పని వెలుగును తిప్పికొట్టడం. వందకు ఎంత తిప్పికొడుతుంది మీది?”

“కంటికి కనిపించే వెలుగులో 90 దాకా.”

“వెండి?”

“95 నుంచి 98.”

“టెలిస్కోపులో అద్దం ఒకటే ఉంటుందా?”

“ఉండదు. రెండో మూడో ఉంటాయి.”

“మరి తరుగు ప్రతి అద్దం దగ్గరా పడుతుందిగా! మీ 90ని మూడు సార్లు గుణించు. 73 మిగులుతుంది. వెండికి 97 వేసుకున్నా 91. పద్దెనిమిది వంతుల వెలుగు నేలపాలు చేసి, దాన్ని పొదుపంటావా?”

ఈ దెబ్బ సూటిగానే తగిలింది. బావమరిది దాన్ని తప్పించుకోలేదు, ఇంకొకటి తానే జోడించాడు. కంటికి కనిపించే ఎరుపు దాటి కాస్త ముందుకు పోతే, 800 నానోమీటర్లు దాటిన చోట, అల్యూమినియం ఇంకా తగ్గి 86, 87 దగ్గరికి దిగుతుంది. ఆ లోహంలో ఎలక్ట్రాన్లు ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు ఎక్కడానికి సరిగ్గా ఆ రంగు వెలుగునే తినేస్తాయి. ఆ గుంట అల్యూమినియం పుట్టుకలోనే ఉంది. ఎంత శుభ్రంగా పూత వేసినా పోదు.

“అయితే వెండికీ ఒక గుంట ఉంది బావగారూ. అది ఇంకా లోతు.”

వెండి గుంట ఊదారంగు అవతల ఉంది. 400 నానోమీటర్ల దాకా చక్కగా మెరిసే వెండి, అక్కడి నుంచి అతినీలలోహిత కాంతి వైపు వెళ్లేకొద్దీ జారిపోతుంది. 320 దగ్గరకు వచ్చేసరికి వందకు పది కూడా తిప్పికొట్టదు. పూతలేని కిటికీ అద్దానికీ దానికీ అక్కడ పెద్ద తేడా ఉండదు. అప్పుడే వేసిన అల్యూమినియం పూత 200 దాకా కూడా 90 చుట్టుపక్కలే నిలబడుతుంది. బాగా వేడిగా ఉండే నీలి నక్షత్రాలు ఎక్కువ వెలుగు వెదజల్లేది ఆ వైపే. వాతావరణంలోని ఓజోన్ ఆ వెలుగులో చాలా భాగాన్ని ఆపేస్తుంది కాబట్టి నేల మీది టెలిస్కోపుకు నష్టం కొంతే. ఆకాశంలోకి పంపే టెలిస్కోపుకు ఆ సాకు లేదు.

“హబుల్‌ది 2.4 మీటర్ల అద్దం. 65 నానోమీటర్ల అల్యూమినియం, దాని మీద 25 నానోమీటర్ల మెగ్నీషియం ఫ్లోరైడ్. 1990లో పైకి పంపారు. అతినీలలోహితం చూడాలన్న కోరిక ఉంది గనక వెండి పనికిరాలేదు.”

“మీ లోహం అంత గట్టిదైతే పైన ఇంకో పూత ఎందుకయ్యా?”

“తుప్పు పట్టకుండా.”

బావగారు తొడ చరిచి నవ్వారు. “అదీ సంగతి! వెండి నల్లబడుతుందని ఇందాకటి నుంచి నన్ను నిలదీస్తున్నావు. మీదీ తుప్పు పట్టేదేగా!”

“పట్టేదే. పాత్రలోంచి బయటికి తీసి గాలి తగలగానే పడుతుంది. రెండు మూడు నానోమీటర్లు పట్టాక ఆగుతుంది. తేడా అంతా అక్కడే ఉంది. వెండి మీది నలుపు ఆగదు, కనిపిస్తుంది. అల్యూమినియం ఆక్సైడు ఆగుతుంది, కనిపించదు. గాజులా తేటగా ఉండి, కింది లోహానికి గాలి తగలనివ్వదు. కెంపు, నీలం అని మీరు అమ్మే రాళ్లు కూడా అల్యూమినియం ఆక్సైడే, వాటిలో కలిసిన మలినాల వల్ల రంగులొచ్చాయి. మనం వంటింటి గిన్నెలో చూసేదీ, అద్దం మీద చూసేదీ ఆ తేట పొర కిందున్న లోహాన్నే. హబుల్ చూసే మరీ చివరి అతినీలలోహితాన్ని మాత్రం ఆ పొర మింగేస్తుంది. అందుకే ఫ్లోరైడు కప్పారు.”

నవ్వు తగ్గింది. రాళ్ల మాట బావగారికి నచ్చినట్టుంది.

“ఇంకో సంగతి. అల్యూమినియానికి ఆక్సిజన్ అంటే పిచ్చి. గాజులో ఉన్నది సిలికానూ ఆక్సిజనే. ఆ ఆక్సిజన్‌ను పట్టుకుని పూత గాజుకు కరుచుకుంటుంది. వెండికి ఆ పట్టు లేదు. శుభ్రమైన గాజు మీద ఉత్త వెండి వేస్తే, అంటించిన టేపు పీకినప్పుడు దాంతోపాటు ఊడొస్తుంది. కింద ఇంకో లోహం పొర వెయ్యాలి.”

“మరి మా గదిలో నిలువుటద్దం? మా నాన్న కొన్నది. వెనక ఉన్నది వెండే. యాభై ఏళ్లయింది, ఊడిందా?”

“వెండి గాజుకు వెనక ఉంది. ముందు గాజు, వెనక రాగి పొర, దాని మీద రంగు. పెట్టెలో దాచినట్టే. అంచుల దగ్గర నల్ల మచ్చలు రాలేదూ? గాలి దూరిన చోటది. టెలిస్కోపుకు పూత గాజు ముందు వైపు ఉండాలి, లేకపోతే గాజు మీదా, లోహం మీదా రెండు బొమ్మలు పడతాయి. ముందు నిలబడినవాడికి గుడ్డ కప్పడం కుదరదుగా.”

అక్క కాఫీ గ్లాసులు తెచ్చి పెట్టింది. చేతిలో గిన్నె ఒకటి ఉంది. అందులో వేడినీళ్లు, వంటసోడా, అడుగున చపాతీలు చుట్టే అల్యూమినియం రేకు, దాని మీద నల్లబడిన వెండి కుంకుమ భరిణె. నీళ్లలోంచి సన్నగా కుళ్లిన గుడ్డు వాసన.

“ఏమే, చింతపండు పెట్టి తోమమన్నానుగా!”

“తోమితే వెండి అరుగుతుందండీ. ఇందులో పడేస్తే తోమకుండానే తెల్లబడుతుంది. తమ్ముడు చెప్పాడు, పోయిన సంక్రాంతికి.”

భరిణె మూత అప్పటికే సగం తెల్లబడింది. సోడా నీటిలో అల్యూమినియం తన ఎలక్ట్రాన్లను వెండికి ఇస్తుంది. సల్ఫైడులో చిక్కుకున్న వెండి తిరిగి వెండిగా అక్కడే నిలుస్తుంది. గంధకం వాసనగా వదిలిపోతుంది. చింతపండు, విభూతి పెట్టి రుద్దితే నలుపుతోపాటు కాస్త లోహం కూడా పోతుంది. బావగారు భరిణెను తీసి తిప్పి చూసి, మళ్లీ నీళ్లలో పెట్టారు. కొట్లో ఈ పద్ధతి పెడితే మెరుగు పెట్టే కుర్రాడికి పని ఉండదని గొణిగారు.

“రేకు తెల్లగా ఉండక మాసిపోయింది చూడు,” అందామె. “నలుపు దీనికి అంటుకుందా?”

“లేదక్కా, సోడాకు మాసింది. క్షారం తగిలితే అల్యూమినియం నిలవదు.”

ఆ మాట బావగారు విడిచిపెట్టలేదు. “ఏమిటేమిటి? క్షారానికి నిలవదా?”

“నిలవదు. దాని తేట పొర నీటికి, గాలికి కాపలా కాస్తుంది గాని సున్నానికీ, సోడాకీ కరిగిపోతుంది. టెలిస్కోపు అద్దం మీది పాత పూత తియ్యాలంటే మేం కాస్టిక్ సోడానే వాడతాం. పైగా ఈ పూత మెత్తన. గుడ్డతో గట్టిగా తుడిస్తే గీతలు పడతాయి. దుమ్ము, తేమ, పురుగుల రెట్టలు అన్నీ కలిసి ఏడాది రెండేళ్లలో మెరుపు తగ్గిస్తాయి. అప్పుడు అద్దాన్ని దించి, పాతది కడిగి, మళ్లీ పాత్రలో పెట్టాలి. కావలూరు లాంటి చోట ఆ యంత్రం అక్కడే ఉంటుంది, అంత బరువైన గాజును కొండ దింపి ఎక్కించలేరు గనక.”

“అంటే వెండిని వెళ్లగొట్టి తెచ్చుకున్న కొత్త కోడలు కూడా ఏడాదికోసారి అలుగుతుందన్నమాట.” బావగారు కాఫీ పూర్తి చేసి గ్లాసు కింద పెట్టారు. “నేనూ పేపరు చదువుతాను. ఆ మధ్య పంపిన పెద్ద టెలిస్కోపుకు బంగారం పూత వేశారట. మీ అల్యూమినియం ఏమైంది?”

జేమ్స్ వెబ్ టెలిస్కోపు చూసేది ప్రధానంగా పరారుణ కాంతిని, అంటే ఎరుపుకు అవతలి వేడి వెలుగును. బంగారం ఆ వైపు 98కి పైగా తిప్పికొడుతుంది. నీలి వెలుగును అది తినేసినా, అందుకే పచ్చగా కనిపించినా, వెబ్‌కు ఆ నీలంతో పని లేదు. పద్దెనిమిది ముక్కల అద్దాలన్నిటికీ కలిపి పట్టిన బంగారం 48 గ్రాముల పైచిలుకు.

“ఆరు కాసులు!” బావగారి మొహం వెలిగింది. “మా పెళ్లికూతురి నానుతాడు అంతకంటే బరువుంటుంది.”

“ఇంకోటి కూడా మీకు నచ్చేది చెబుతాను. హవాయిలో ఒకటి, చిలీలో ఒకటి జెమినీ టెలిస్కోపులున్నాయి. 8.1 మీటర్ల అద్దాలు. 2004లో వాటికి అల్యూమినియం మానేసి వెండి మొదలుపెట్టారు.”

బావగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

“ఇంతసేపూ ఈ మాట కడుపులో పెట్టుకుని కూర్చున్నావా?”

“మీరు అడగలేదుగా. ఏ వస్తువైనా వెలుగును తిప్పికొట్టనంత మేరా సొంతంగా వేడిని విరజిమ్ముతుంది. పరారుణం చూసే టెలిస్కోపుకు తన అద్దం వేడే పగటి వెలుగులా అడ్డొస్తుంది. వెండి తక్కువ విరజిమ్ముతుంది. అందుకని కింద నికెల్, క్రోమియం కలిసిన పలచని పట్టు పొర, దాని మీద వెండి, మళ్లీ ఒక పట్టు పొర, అన్నిటికీ పైన సిలికాన్ నైట్రైడు, ఇలా నాలుగు పొరలు వేస్తున్నారు. వెండి మొత్తం సుమారు 50 గ్రాములు. మీ గుడ్డ చుట్టే పనే ఆ పైపొర చేస్తోంది.”

“గెలిచినట్టేగా నేను!”

“జెమినీలో గెలిచారు. హబుల్‌లో ఓడారు. కావలూరులో, తేమా దుమ్మూ తగిలేచోట, నాలుగు పొరల యంత్రం లేని చోట అల్యూమినియమే ఉంది.”

కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేంత నెమ్మదిగా తిరుగుతున్నాయి. బావగారు కండువాతో విసురుకుంటూ వసారా మూలన పడి ఉన్న చిప్స్ ప్యాకెట్లను చూశారు. పిల్లలు తిని పారేసినవి. లోపల వైపు తళతళలాడుతున్నాయి.

“టెలిస్కోపులు వదిలెయ్. దేశంలో ఎన్నున్నాయి గనక? మీ ప్లాంటు నడిచేది వాటి మీద కాదు, వీటి మీద. అదిగో మీ లోహం, కాలవల్లో అడ్డం పడి మెరుస్తోంది.”

బావమరిది లేచి ఒక ప్యాకెట్టు తెచ్చి ట్యూబులైటుకు అడ్డంగా పట్టాడు. వెలుగు మసకగా లోపలి నుంచి కనిపించింది. అందులో అల్యూమినియం 40 నానోమీటర్ల వరకే ఉంటుంది. పొట్లాల్లో వాడే అసలైన అల్యూమినియం రేకుతో పోలిస్తే రెండు వందల రెట్లు పలచన. ప్లాంటులో మీటరు, రెండు మీటర్ల వెడల్పు ప్లాస్టిక్ ఫిల్ము చుట్టలు శూన్యంలో సెకనుకు పది మీటర్ల వేగంతో చల్లటి డ్రమ్ము మీదుగా పరుగెడతాయి. కింద 1,500 డిగ్రీల దగ్గర కాగుతున్న పింగాణీ లాంటి తొట్లలోకి అల్యూమినియం తీగ నిమిషం ఆగకుండా దిగుతూ ఆవిరవుతుంటుంది. ప్లాస్టిక్ కరిగేలోపే పూత పడి, చుట్ట ముందుకు పోతుంది.

“ఉత్త ప్లాస్టిక్‌లోంచి ఆక్సిజన్, తేమ మెల్లగా దూరుతూనే ఉంటాయి. ఈ పూత పడితే ఆ దూరడం వందో వంతుకు పడిపోతుంది. వెలుగూ ఆగుతుంది. అందుకే చిప్స్ మెత్తబడవు, నూనె వాసన పట్టవు. కాఫీ పొడి, పాలపొడి, విత్తనాలు, అన్నిటికీ ఇదే. రెండొందల రెట్లు మందమైన రేకు చేసే పనిలో చాలా భాగం ఇది చేస్తోంది.”

“తిన్నాక?”

బావమరిది జవాబు వెతుక్కున్నాడు.

“చిల్లుపడ్డ వెండి గిన్నె తెస్తే నేను పాత వెండి కింద కొంటాను. సొట్టలు పడ్డ అల్యూమినియం గిన్నెను పాతసామాన్లవాడు తూకానికి తీసుకుంటాడు. ఈ ప్యాకెట్టును బస్తాడు ఇచ్చినా ఎవడూ ముట్టుకోడు. ఎందుకని?”

“అచ్చు వేసిన ఫిల్ము ఒకటి, జిగురు, పూత వేసిన ఫిల్ము ఇంకొకటి, ఇవన్నీ కలిసి అతుక్కుపోయి ఉంటాయి. విడదీయడం కష్టం. అందులో అల్యూమినియం తీద్దామన్నా తియ్యడానికి ఏమీ లేదు, అంత పలచన. పలచదనమే ఇక్కడ మాకు అడ్డం తిరిగింది. పొరలన్నీ ఒకే జాతి ప్లాస్టిక్‌తో చేసి మళ్లీ కరిగించేలా చెయ్యాలని చూస్తున్నారు. అవి అన్ని కొట్లకూ రాలేదు.”

“ఇది మాత్రం నా పద్దులో రాసుకుంటున్నాను,” అన్నారు బావగారు. ఎగతాళి లేకుండానే అన్నారు.

అక్క చీర కొంగు ముందుకు లాగి చూపించింది. మిలమిలలాడే అంచు. “ఇదీ మీ ప్యాకెట్టు సరుకేనట్రా?”

అదేనని ఒప్పుకోక తప్పలేదు. అసలు జరీ అంటే పట్టు దారం చుట్టూ వెండి తీగ చుట్టి, దాని మీద బంగారం మెరుగు ఎక్కించినది. మామూలు చీరల్లో కనిపించేది పాలియెస్టర్ ఫిల్ముకు అల్యూమినియం పూత వేసి, పసుపు రంగు లక్క అద్ది, దారమంత సన్నగా చీల్చినది. రంగు లక్కది, మెరుపు అల్యూమినియానిది.

“ఇదే వేషమంటే,” అన్నారు బావగారు.

“వేషమైతే కానీండి. నా పెళ్లి పట్టుచీర వెండి జరీ బీరువాలో నల్లబడింది, మడత విప్పితే చిరుగుతుందేమోనని భయం. దీన్ని వారానికోసారి ఉతుకుతున్నాను,” అని ఆమె గిన్నె తీసుకుని లోపలికి వెళ్లింది.

బావమరిదికి ఊపిరి వచ్చింది. “పసుపు రంగు వెనక అల్యూమినియం అంటే ఇంకోటి గుర్తొచ్చింది. శ్రీహరికోట నుంచి 2023లో చంద్రయాన్-3 వెళ్లినప్పుడు మీరు ఫోను చేశారు, ఉపగ్రహాలకు బంగారు రేకు చుడతారటగా అని.”

“టీవీలో కనిపించిందిగా.”

“చాలా వరకు అది కాప్టాన్ అనే ప్లాస్టిక్. దాని సొంత రంగే తేనె రంగు. వెనక వైపు అల్యూమినియం పూత. తేనె రంగులోంచి చూస్తే బంగారంలా ఉంటుంది. అలాంటి పొరలు పది, ఇరవై, మధ్య మధ్య వల లాంటి గుడ్డ పెట్టి దుప్పటిలా కుడతారు. గాలి లేని చోట వేడి పోవాలంటే వెలుగులా విరజిమ్మడం ఒక్కటే దారి. అల్యూమినియం పూత ఆ వేడిని వందకు మూడు నాలుగు వంతులే విరజిమ్ముతుంది. ఎండ వైపు కాగిపోకుండా, నీడ వైపు గడ్డకట్టకుండా కాపాడేది అది.”

“నన్ను ఇన్నాళ్లూ బంగారమని నమ్మనిచ్చావా?”

“అక్క చెప్పొద్దంది. నలుగురికీ గొప్పగా చెప్పుకుంటున్నారట.”

బావగారు పగలబడి నవ్వారు. తరవాత, నవ్వు ఆగాక, తన లోహం తరఫున చివరి మాట అన్నట్టుగా, విలువ సంగతి ఎత్తారు. ఎన్ని పనులు చేసినా తూకంలో నిలవని లోహమని, పెళ్లిలో ఎవరైనా అల్యూమినియం కంచం చదివిస్తారా అని. బావమరిది 1884 దాకా వెనక్కి వెళ్లాడు. ఆ ఏడాది వాషింగ్టన్ స్మారక స్తంభం కొసన పెట్టిన చిన్న శిఖరం అల్యూమినియంతో చేసినదే, నూరు ఔన్సులు. అప్పట్లో ఆ లోహం ధర వెండితో సమానం. ఖనిజం నుంచి దాన్ని విడదీయడం అంత కష్టంగా ఉండేది. రెండేళ్లకు, 1886లో, అమెరికాలో హాల్, ఫ్రాన్సులో ఎరూ, ఎవరికి వారే, కరెంటుతో విడదీసే పద్ధతి కనిపెట్టారు. ధర పడిపోయింది.

“అంటే నీ ముత్తాత కాలంలో అయితే మనం ఇద్దరం ఒకే వీధిలో కొట్లు పెట్టుకునేవాళ్లం.” ఆయన వరఖ్ రేకును మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. “సరే పద. దీని సంగతి తేలాలి.”

వంటింటి గట్టు మీద పట్టకారు, బొగ్గు ముక్క, కొట్లోంచి తెచ్చిన ఊదుగొట్టం పెట్టారు. పరీక్ష పాతదే. అసలు వెండి రేకైతే మంటలో ముడుచుకుని తెల్లటి మెరిసే పూసగా మిగులుతుంది. అల్యూమినియమైతే ముదురు బూడిద రంగు బూడిద రాలుతుంది. దాన్ని పూసగా నిలవనివ్వనిది ఇందాక బావమరిది పొగిడిన ఆక్సైడు పొరే. ఆక్సిజన్ మీది ఆ పిచ్చి అద్దం మీద రక్ష, మంటలో చేటు.

బావగారు రేకును ఉండ చేసి బొగ్గు గుంటలో పెట్టి, బుగ్గలు పూరించి ఊదారు. ఉండ ఎర్రబడింది, ఒక్క క్షణం వణికింది, గుండ్రంగా అయింది. చల్లారాక ఆవగింజ కన్నా చిన్న పూస, తెల్లగా.

“వెండే,” అన్నారాయన, కాస్త నిరాశగా.

“అల్యూమినియం ఫ్యాక్టరీవాడు తెచ్చాడు మరి,” అన్నాడు బావమరిది.

అక్క ఆ పూసను కాగితంలో మడిచి కుంకుమ భరిణెలో వేసింది. “గెలుపోటములు తేలితే ఆ ఫ్యాను సంగతి చూడండి. నెల్లాళ్లుగా గాలి రావడం లేదు.”

బావమరిది వసారాలోకి వచ్చి తలెత్తి చూశాడు. “కండెన్సర్ పోయుంటుంది. అందులో కూడా ప్లాస్టిక్ ఫిల్ము మీద అల్యూమినియం పూతే, కొన్నింట్లో జింకు కలుపుతారు. ఎక్కడైనా ఫిల్ముకు చిల్లు పడి నిప్పురవ్వ లేస్తే, ఆ చుట్టూ పూత ఆవిరైపోయి చిల్లును వేరు చేసేస్తుంది. కండెన్సర్ చావదు, కాస్త చిక్కిపోతుంది. అలా వేల చిల్లులు పడ్డాక ఫ్యాను ఇలా నీరసిస్తుంది.”

“గాయమైన చోట తానే కాలిపోయి మిగతాది కాపాడుతుందా?” బావగారు ఫ్యానును కొత్తగా చూశారు.

“అంత పలచన గనకే. మందంగా ఉంటే ఆవిరయ్యేది కాదు, మొత్తం షార్టయ్యేది.”

“ఎంతవుతుంది కొత్తది?”

“ఒక కాఫీ, టిఫిను ఖర్చు. రెండున్నర మైక్రోఫారడ్ అని అడగండి.”

బావగారు శుభలేఖ కవరు వెనక, అద్దం లెక్క కింద, ఆ మాట రాసుకున్నారు. కుర్రాణ్ని పొద్దున్నే పంపుతానన్నారు.

“వెండితో చేసినవి ఉంటాయేమో కూడా అడిగి రమ్మంటాను.”